ఏకాంబరం సోడా

మే నెల మధ్యాహ్నాల్లో
ఏకాంబరం మామ గోనెసంచిని తొట్లో ముంచి, పిండి,
పసిబిడ్డకు తడిగుడ్డ చుట్టినట్టు సీసాకు చుట్టి
చక్రంలో తలకిందులుగా బిగించేవాడు.
"ఎండకు గాలిక్కూడా కోపమొస్తాది పరిమళా,
నువ్వు అవతల ఉండు."

చిత్తూరు, గ్రీమ్స్‌పేట సందులో రేకుల షెడ్డు.
రేకు మీద వాలిన కాకి
కాళ్లు మార్చి మార్చి నిలబడేంత వేడి.
నేను గడప మీద కూచుని
ఇంటర్ పుస్తకం గట్టిగా చదివేదాన్ని:
ఘనపరిమాణం మారనప్పుడు
వాయువు పీడనం, పరమ ఉష్ణోగ్రతకు
అనులోమానుపాతంలో...

"ఎవురు చెప్పినారది?"
గే లుసాక్ మామా. ఫ్రాన్సు దేశం.
"ఆయప్ప సోడా కొట్టినాడా?"
లేదు.
"మరి ఎట్ల తెలిసింది?"

పుస్తకంలో నియమం ఉంది, సూత్రం ఉంది,
మూడు మార్కుల లెక్క ఉంది.
ఎట్ల తెలిసిందో లేదు.

మామ కుడికన్ను గురించి మేమెవరం అడిగేవాళ్లం కాదు.
నేను పుట్టకముందు ఒక కత్తిరి ఎండల్లో
సీసా ఒకటి చక్రం దిగకముందే పగిలింది.
గోలీ గోడకు తగిలింది, గాజు ఆయనకు తగిలింది.
ఆ గోలీని ఆయన పారేయలేదు.
గల్లాపెట్టెలో చిల్లర మధ్య
ఆకుపచ్చగా దొర్లుతూ ఉండేది
ఎక్కడా చెల్లని నాణెంలాగా.

చాలా ఏళ్లకు, తిరుపతిలో ఎమ్మెస్సీ చదువుతూ
లైబ్రరీలో, అట్ట ఊడిన ఒక పుస్తకంలో చదివాను:
పద్దెనిమిది వందల ఎనిమిదిలో
ఆ ఫ్రెంచాయన ముఖం ముందే ప్రయోగం పేలిందని,
కొన్నాళ్లు కళ్లు కనబడలేదని.
ఆ సాయంత్రమే బస్సెక్కాను.
మామ సీసా కడుగుతూ విన్నాడు.
కడిగిన సీసానే మళ్లీ కడిగాడు.
"అట్ల చెప్పు," అన్నాడు. "మనోడే."

ఇంకా చెప్పమన్నాడు. చెప్పాను.
బెలూన్లో ఒక్కడే పైకి పోయినాడంట మామా,
మన ఏడుకొండల్నీ ఒకదాని నెత్తిన ఒకటి నిలబెడితే
ఎంతో, దాదాపు అంత.
గొంతెండిపోయి రొట్టెముక్క దిగలేదంట.
బరువు తగ్గాలని కూర్చున్న కుర్చీ విసిరేస్తే
గొర్లు కాసే పిల్ల ముందర పడిందని చెప్పుకుంటారు.

మామ పొట్ట పట్టుకుని నవ్వాడు.
"పాపం, ఆకాశంలో ఎవురో
లేచి నిలబడినారనుకోనుంటాది!"
తర్వాత కన్ను తుడుచుకుని, ఆ ఒక్కటే,
"ఇంతకీ అంత పైకి ఏం పనని?"

గాలి తేవడానికి.
ఖాళీ చేసిన గాజుబుడ్లు పట్టుకుపోయి
అక్కడ మూత తీసి, నింపి, బిగించి...
"కొట్టినాడు కదా మరి సోడా!"

కిందికి తెచ్చి పరీక్ష చేస్తే మామా,
పైగాలి, కిందిగాలి వేరు కాదు.
పలచబడిందే కానీ పాళ్లు మారలేదు.
పారిస్ వీధిలో ఎంతో అక్కడా అంతే.

మామ చాలాసేపు రేకు వైపు చూశాడు,
రేకుకు పైన ఏదో ఉన్నట్టు.
"ఏక అంబరం," అన్నాడు మెల్లిగా.
"మా నాయన పేరు పెట్టేటప్పుడు
దాన్ని ఎవురూ పరీక్ష చేసుండరు."

ఇప్పుడు పుత్తూరు కాలేజీలో పాఠం చెబుతాను.
జూన్లో తోతాపురి ట్రాక్టర్లు రోడ్డు మీద వరస కడితే
కిటికీలు మూసినా పులిసిన మామిడి వాసన
చివరి బెంచీ దాకా వస్తుంది.
వాయువుల వ్యాపనం అని బోర్డు మీద రాసి
పీల్చుకోండి అంటాను. నవ్వుతారు.

ల్యాబులో పై అరలో ఒక గోలీసోడా ఉంది.
మామ కొట్టిన ఆఖరిది.
లేబుల్ లేదు, ఏ ప్రయోగానికీ చెందదు.
మే వస్తే దానికి తడిగుడ్డ చుడతాను.
కొత్తగా వచ్చిన అటెండరు చేయి చాపాడు మొన్న:
"పాతదుండాది మేడం, తీసేద్దునా?"

వద్దు.
కోపమొస్తాది దానికి.
నువ్వు అవతల ఉండు నాయనా.